డిజిటల్ ఫైళ్ల సంఖ్యా వర్గీకరణ

కంప్యూటర్‌లో, ఫోన్‌లో, పెన్‌డ్రైవ్‌లో పేరుకుపోయే ఫైళ్లకు పేరుతో పాటు చిన్న నంబరొకటి శాశ్వతంగా ఇచ్చి, ఆ నంబరు వరసలోనే దాచుకుని, దానితోనే వెతుక్కునే విధానాన్ని డిజిటల్ ఫైళ్ల సంఖ్యా వర్గీకరణ అంటారు. గ్రంథాలయాల దశాంశ వర్గీకరణ నుంచి, ప్రభుత్వ కార్యాలయాల ఫైలు నంబర్ల నుంచి ఈ ఆలోచన పుట్టింది. ఇటీవల దీనికి బాగా పేరు తెచ్చిన రూపం ఆస్ట్రేలియాలో ఉండే జానీ నోబుల్ తయారుచేసిన ‘జానీ డెసిమల్’ పద్ధతి. ఇంగ్లీషులో పనిచేసేవారికి ఇది ఒక సౌకర్యం. తెలుగులో పనిచేసేవారికి అంతకంటే ఎక్కువ అవసరం, ఎందుకంటే కంప్యూటర్లో తెలుగు పేరుతో వెతికితే దొరకని సందర్భాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. రెండు రాష్ట్రాలు, రెండు లిపులు కలిసే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం లాంటి చోట ఆ అవసరం మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

పద్ధతి

జానీ డెసిమల్‌లో మూడే అంచెలు. ఒక మనిషికో సంస్థకో ఉన్న వ్యవహారాలన్నిటినీ ముందు పదికి మించని రంగాలుగా విడదీస్తారు. ఒక్కో రంగానికి పది అంకెలు: 10–19 ఒకటి, 20–29 ఇంకొకటి. రంగంలోపల పదికి మించని విభాగాలు ఉంటాయి. 20–29లో 21, 22, 23 అలా. విభాగంలోపల ఒక్కో అంశానికి చుక్క తర్వాత రెండంకెలు: 22.01, 22.02, 22.03. 00–09 రంగాన్ని మామూలుగా ఈ వ్యవస్థ నిర్వహణకే, అంటే సూచికకూ నియమాలకూ వదిలేస్తారు. ఆపైన ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టుకుంటూ లోపలికి పోవడం ఉండదు. నంబరున్న అంశంలోకి వెళ్తే అక్కడ ఫైళ్లే కనిపించాలి.

పాతపట్నంలో కొద్దిపాటి భూమి ఉండి, పిల్లలు హైదరాబాదులోనో చెన్నైలోనో పనిచేస్తున్న ఒక కుటుంబాన్ని ఊహిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆ ఇంటికి 10–19 మనుషులు: ఆధార్, రైస్ కార్డు, కుల ధ్రువీకరణ, జనన మరణ పత్రాలు. 20–29 భూమి, ఇల్లు. 30–39 చదువులు, ఉద్యోగాలు. 40–49 డబ్బు. 50–59 ఆరోగ్యం. 60–69 పెళ్లిళ్లు, పేరంటాలు, ఫొటోలు. భూమిలో 21 మెట్ట, 22 పల్లం, 23 ఇంటి స్థలం. ఇక 22లో 22.01 పాసుపుస్తకం, 22.02 దస్తావేజూ దాని లింకు డాక్యుమెంట్లూ, 22.03 ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), 22.04 అడంగల్, 1-బి, 22.05 ఎఫ్ఎంబీ స్కెచ్. పంట అప్పుకోసం తండ్రి బ్యాంకుకు వెళ్తాడు. అక్కడ ఈసీ కావాలంటారు. జిరాక్సు షాపు దగ్గర నిలబడి కొడుక్కి ఫోన్ చేసి, “ఒరేయ్, ఇరవైరెండు పాయింటు సున్నా మూడు తీసి వాట్సాప్ చెయ్యి” అంటే చాలు. ఫైలు పేరు ఇంగ్లీషులో ఏమని పెట్టారో, స్పెల్లింగు ఏమిటో తండ్రికి తెలియనక్కర్లేదు. నోటితో చెప్పడానికి, చేత్తో రాసుకోవడానికి, అట్ట కవరు మీద వేసి బీరువాలో ఒరిజినల్ కాగితాన్ని అదే వరసలో పెట్టడానికి ఆ ఒక్క నంబరే సరిపోతుంది. కాగితానికీ దాని స్కానుకూ ఒకే నంబరు ఉండడం ఈ పద్ధతి వల్ల కలిగే పెద్ద లాభమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. జానీ డెసిమల్ గురించి ఇంగ్లీషులో జరిగే చర్చల్లో దీనికి దక్కాల్సినంత చోటు దక్కలేదు.

పదికి మించకూడదన్న షరతు మొదట ఇరుకుగా అనిపిస్తుంది. నిజానికి పద్ధతి బలమంతా అందులోనే ఉంది. పది రంగాలు, రంగానికి పది విభాగాలు, విభాగానికి వంద అంశాలు: కాగితం మీద లెక్క పదివేలు. ఒక కుటుంబానికి అందులో రెండు మూడు వందలు కూడా పట్టవు. ఇరుకు ఉండబట్టే కొత్త ఫైలు వచ్చినప్పుడల్లా కొత్త ఫోల్డర్ తెరిచే అలవాటు ఆగిపోతుంది. ఇది ఉన్నవాటిలో దేనికి చెందుతుందని ఆలోచించక తప్పదు.

తెలుగులో అంకె అవసరం

కంప్యూటర్లో వెతికే పెట్టె ఉండగా నంబర్లెందుకన్న ప్రశ్న సహజమే. వెతికే పెట్టె పనిచేయాలంటే, వెతికేవాడు కొట్టే అక్షరాలూ దాచినవాడు కొట్టిన అక్షరాలూ ఒకటై ఉండాలి. తెలుగులో ఆ హామీ లేదు.

మొదటి చిక్కు ఇంగ్లీషు స్పెల్లింగు. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఎవరి పద్ధతి వారిది. పాతపట్నంలో ‘త’ తర్వాత హెచ్ వేసేవారున్నారు, వేయనివారున్నారు. పొరుగునున్న పర్లాకిమిడి విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. తెలుగువారి నోట అది పర్లాకిమిడి, ఒడియాలో పారళాఖేముండి, రైల్వే కాగితాల్లో ఇంకొకటి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఆ పట్టణం అటు వెళ్లింది, పాతపట్నం ఇటు మిగిలింది. మధ్యలో మహేంద్రతనయ నది. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే రైలుమార్గంలో రెండూ పక్కపక్క స్టేషన్లే. చుట్టరికాలకూ వ్యాపారాలకూ ఆ సరిహద్దు గీత అడ్డురాలేదు కాబట్టి ఒకే ఇంట్లో తెలుగు దస్తావేజూ ఒడియా సర్టిఫికెట్టూ ఇంగ్లీషు మార్కుల జాబితా ఉండడం ఇక్కడ వింతేమీ కాదు. మూడు లిపుల్లో ఉన్న ఫైళ్లను పేర్ల వరసలో పెడితే ఏమవుతుంది? యూనికోడ్ సంకేతాల విలువను బట్టి వరస పెట్టే వ్యవస్థల్లో ముందు ఇంగ్లీషు, తర్వాత ఒడియా, ఆపైన తెలుగు వస్తాయి. ఒకే పొలానికి చెందిన మూడు కాగితాలు మూడు చోట్లకు పోతాయి. ముందు 22 అని ఉంటే మూడూ ఒక్కచోటే నిలుస్తాయి, ఎందుకంటే మనం రోజూ వాడే 0 నుంచి 9 వరకు అంకెల సంకేతాలు ఈ లిపులన్నిటికంటే ముందున్నాయి.

రెండో చిక్కు డీటీపీ పరిశ్రమ వారసత్వం. తెలుగునాట శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు దశాబ్దాలపాటు పేజ్‌మేకర్లో అను ఫాంట్లతోనే తయారయ్యాయి. చాలాచోట్ల ఇప్పటికీ అవుతున్నాయి. ఆ ఫైల్లో తెరమీద తెలుగే కనిపిస్తుంది. లోపల ఉండేది మాత్రం ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతాలు. యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినా, ఈ ఫైళ్లలో యూనికోడ్ లేదు. కనుక ‘కళ్యాణ’ అని వెతికితే వేల శుభలేఖలున్న కంప్యూటర్ కూడా ఏమీ లేదంటుంది. డీటీపీ షాపుకు నంబరూ, నంబర్లు రాసుకున్న పుస్తకమూ తప్ప దారి లేదు.

మూడోది కంటికి కనిపించని చిక్కు. ‘పార్క్‌లో’, ‘బ్యాంక్‌లో’ లాంటి మాటల్లో పొల్లు కింద తర్వాతి హల్లు వత్తుగా దిగిపోకుండా ఆపడానికి ఒక అదృశ్య సంకేతం వాడతారు. కొందరు కొడతారు, కొందరు కొట్టరు. కొన్ని ఫాంట్లలో రెండు పేర్లూ ఒకేలా అగుపించవచ్చు. కంప్యూటర్‌కు మాత్రం అవి వేర్వేరు మాటలు. ఫోన్‌తో తీసిన ఫొటోలూ స్కాన్లూ ఉండనే ఉన్నాయి: అందులో అక్షరం ఉన్నట్టు మనకు తెలుస్తుంది, ఫైలుకు తెలియదు. వాట్సాప్ వాటికి పెట్టే పేరు ‘ఐఎంజీ-20240115-డబ్ల్యూఏ0007’ తరహాలో ఉంటుంది. వచ్చిన తేదీ, ఆ రోజు వచ్చిన వరస తప్ప అందులో ఇంకేమీ ఉండదు. అది పట్టాయో పాప ఫొటోయో తెరిచి చూస్తే గాని తెలియదు.

నాలుగోది నిడివి. లినక్స్, ఆండ్రాయిడ్ వ్యవస్థల్లో ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్ల హద్దు ఉంటుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు కావాలి. ‘పాతపట్నం’ ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే ఆరు సంకేతాలు, 18 బైట్లు. హద్దు మొత్తం కలిపి 85 తెలుగు సంకేతాల దగ్గర ముగుస్తుంది. విండోస్‌లో ఫోల్డర్ల పేర్లన్నీ కలిపి మొత్తం దారికి 260 అక్షరాల పాత పరిమితి ఉంది. ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోయినవారికి అది ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. పేరులో వివరమంతా కుక్కేకంటే నంబరూ రెండు మాటలూ పెట్టి, మిగతాది సూచికలో రాయడం క్షేమం.

పూర్వరూపాలు

ఉత్తరాంధ్ర రైతుకు నంబరుతో వెతకడం కొత్త కాదు. బ్రిటిష్ కాలపు భూమి సర్వేల నుంచి పొలానికి సర్వే నంబరు ఉంది, రైతుకు ఖాతా నంబరు ఉంది. 45 నంబరు పొలాన్ని అన్నదమ్ములు పంచుకుంటే అది 45-1, 45-2 అవుతుంది. రెండోది మళ్లీ పంచుకుంటే 45-2ఎ, 45-2బి. చుట్టుపక్కల పొలాల నంబర్లు కదలవు. ఎదుగుదల నంబరు లోపలే జరగాలి, బయట వరస చెదరకూడదన్న సూత్రం ఇందులో ఉంది. చుక్క తర్వాత అంకెలు పెట్టే ప్రతి పద్ధతికీ ఆధారం ఇదే. ప్రభుత్వ భూ రికార్డుల ‘మీ భూమి’ పోర్టల్లో అడంగల్ చూసేవారు సర్వే నంబరుతో, 1-బి చూసేవారు ఖాతా నంబరుతో మొదలుపెట్టడం అలవాటే. పట్టాదారు పేరుతో వెతికినవారికి స్పెల్లింగు బాధ ఏమిటో తెలుసు.

కార్యాలయాల సంగతి ఇంకా ఆసక్తికరం. 1953 వరకు శ్రీకాకుళం జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అక్కడి జిల్లా కార్యాలయాల్లో పాతుకుపోయిన టోటెన్‌హామ్ పద్ధతి ఆంధ్రలోనూ కొనసాగింది. వచ్చిన ప్రతి తపాలుకూ వరస సంఖ్య, సంవత్సరం, దాన్ని చూసే గుమాస్తా సీటు కలిపి నంబరు వేస్తారు: ఆర్.సి. నం. 214/2023/బి2 అంటే ఆ ఏడాది 214వ కాగితం, బి సెక్షన్లో రెండో సీటుది. పని ముగిశాక ఆ ఫైలు ఎన్నాళ్లుండాలో కూడా అక్షరంతోనే చెబుతారు. ఆర్.డిస్. శాశ్వతం, డి.డిస్. పదేళ్లు, కె.డిస్. మూడేళ్లు, ఎల్.డిస్. ఏడాది, ఎన్.డిస్. అయితే కాగితాన్ని వచ్చినచోటికే తిప్పి పంపేస్తారు. ఫైలుకు చోటుతో పాటు ఆయుష్షు కూడా ముందే నిర్ణయించిన ఈ ఆలోచన నేటి డిజిటల్ పద్ధతులు చాలావాటిలో కనిపించదు. కరెంటు బిల్లు రశీదు ఏడాది, బ్యాంకు స్టేట్‌మెంటు పదేళ్లు, దస్తావేజు శాశ్వతం అని సూచికలో ఒక గడి పెట్టుకున్నవారి డ్రైవు అనవసరంగా నిండదు. జానీ డెసిమల్ వాడేవారు మద్రాసు గుమాస్తాల నుంచి తెచ్చుకోదగినది ఇది.

గ్రంథాలయాల్లో ఈ కథ 1876లో మెల్విల్ డ్యూయీతో మొదలవుతుంది. ఆయన సమస్త జ్ఞానాన్నీ పది తరగతులుగా, వాటిని వంద భాగాలుగా, వెయ్యి ఉపభాగాలుగా విభజించాడు. పుస్తకం కొత్తదైనా పాతదైనా విషయాన్ని బట్టి దానికి ఒకటే చోటు. ఆ విభజన ఎవరి దృష్టితో జరిగిందో నంబర్లు చూస్తే తెలుస్తుంది. మతాల తరగతి 200లో సింహభాగం క్రైస్తవానిది, హిందూమతం 294.5 దగ్గర ఇరుక్కుంది. ఇంగ్లీషు సాహిత్యానికి 820 మొత్తం దక్కితే, తెలుగు సాహిత్యం ‘ఇతర భాషల’ 890లో లోతుగా వెళ్లి 894.827 దగ్గర దొరుకుతుంది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణ ఈ బిగువును సడలించే ప్రయత్నం. ముందే తయారుచేసిన గడుల్లో పుస్తకాన్ని దూర్చకుండా, దాని విషయాన్ని కోణాలుగా విడదీసి, వాటిని విరామ చిహ్నాలతో కలిపి నంబరు నిర్మించాడాయన. అపారమైన ప్రతిభ కనిపించే పద్ధతి. అయితే ఇంట్లో ఫైళ్లకు అది మోయలేని బరువు. డ్యూయీ నుంచి పది అన్న హద్దునూ, రంగనాథన్ నుంచి సొంత విభజన చేసుకునే ధైర్యాన్నీ తీసుకుంటే చాలు. పాతపట్నం కుటుంబానికి మెట్టా పల్లమూ వేర్వేరు విభాగాలు. ఇంకొకరి పట్టికను దింపుకుంటే అవి ఎక్కడా ఉండవు.

తెలుగు సేకరణల అనుభవం

2000 దశకంలో లక్షల పుస్తకాలను స్కాన్ చేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాలు వేలల్లో ఉండేవి. దానికి మూలమైన పది లక్షల పుస్తకాల ప్రణాళికకు నాయకత్వం వహించినవారిలో ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెందిన రాజ్ రెడ్డి ముఖ్యుడు. స్కానింగ్ జోరుగా సాగింది గాని, పేర్ల నమోదు అంత శ్రద్ధగా జరగలేదు. తెలుగు శీర్షికలను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు కొట్టారు. రచయిత పేరు ముక్కలైంది. ఒకే పుస్తకం రెండు పేర్లతో తేలింది. పాఠకులను కాపాడింది పుస్తకానికి ఇచ్చిన బార్‌కోడ్ నంబరే. తెలుగు వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు సరైన తెలుగు శీర్షిక పక్కన ఆ నంబరు చేర్చి పట్టికలు తయారుచేశాక పుస్తకాలు మళ్లీ పాఠకుల చేతికందాయి. ఆ నంబరు విషయమేమీ చెప్పదు, వర్గీకరణ అసలే కాదు. స్థిరమైన నంబరూ మంచి సూచికా కలిస్తే పేర్ల గందరగోళాన్ని కూడా దాటవచ్చని మాత్రం అది గట్టిగా నిరూపించింది.

శ్రీకాకుళంలోని కథానిలయం దీనికి పూర్తిగా భిన్నమైన అనుభవం. మురపాకలో పుట్టి, ఉపాధ్యాయుడిగా బతికి, 1995లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న కాళీపట్నం రామారావు, పురస్కారంతో వచ్చిన డబ్బు మదుపు పెట్టి దాన్ని మొదలుపెట్టారు. 1997 ఫిబ్రవరి 22న అది ప్రారంభమైంది. అచ్చయిన ప్రతి తెలుగు కథనూ ఒకచోట చేర్చాలన్నది సంకల్పం. అందరూ కారా మాస్టారు అని పిలిచే ఆయన 2021 జూన్ 4న కన్నుమూసేదాకా ఆ పనిని వదల్లేదు. అక్కడ లెక్క పుస్తకం వారీగా ఆగదు, కథ వారీగా సాగుతుంది. ఒక వారపత్రిక సంచికలో మూడు కథలుంటే మూడింటికీ మూడు నమోదులు కావాలి; అదే కథ తర్వాత సంపుటిలో వస్తే ఆ రెండిటినీ కలపాలి. ఇక పేర్లు చూస్తే రాచకొండ విశ్వనాథశాస్త్రి, రావిశాస్త్రి ఒకరే. చాగంటి సోమయాజులు, చాసో ఒకరే. కాళీపట్నం రామారావు, కారా ఒకరే. మన కథకుల్లో ఇంటిపేరుతో ఒకచోట, పొడి అక్షరాలతో ఇంకోచోట, కలం పేరుతో మరోచోట కనిపించనివారు అరుదు. ఈ ముడులన్నీ విప్పడానికి కథలు తెలిసిన మనుషులు ఏళ్ల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. కథానిలయం వెబ్‌సైటులో ఇవాళ కథ పేరుతో, రచయిత పేరుతో, పత్రిక పేరుతో వెతకగలుగుతున్నామంటే వెనకనున్నది ఆ శ్రమే. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తనంతట తాను చేయలేదు.

వరస, తేదీ, సూచిక

నంబరు రాసేటప్పుడు పాటించాల్సిన సాంకేతిక నియమాలు కొద్దే. ఒక్క అంకె ముందు సున్నా వేయాలి. విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ 2ను 10కి ముందు పెట్టగలదు గాని, అదే పెన్‌డ్రైవును ఇంకో యంత్రంలో పెడితే 10 ముందుకు రావచ్చు. 02, 10 అని రాస్తే ఎక్కడైనా ఒకటే వరస. తేదీని మన అలవాటు ప్రకారం రోజుతో మొదలుపెడితే 15-08-2023 తర్వాత 16-01-2019 వచ్చి కూర్చుంటుంది. 1988లో ఐఎస్ఓ 8601 ప్రమాణంగా వచ్చిన పద్ధతిలో 2023-08-15 అని రాస్తే అంకెల వరసే కాలక్రమం అవుతుంది. తెలుగు అంకెలకు యూనికోడ్‌లో సొంత సంకేతాలున్నాయి; చూడముచ్చటగా ఉంటాయి గాని ఫైలు పేర్లకు వాడకూడదు, వరస విరిగిపోతుంది.

సూచిక లేని నంబర్లకు విలువ లేదు. స్ప్రెడ్‌షీటైనా, గీతల నోటుబుక్కైనా, అందులో నంబరు, తెలుగులో పూర్తి వివరణ, ఒరిజినల్ ఎక్కడుందో, ఎన్నేళ్లు ఉంచాలో రాసి ఉండాలి. ఒక కాగితం రెండుచోట్లకు చెందినప్పుడు కూడా పరిష్కారం సూచికలోనే ఉంది. చదువు కోసం పొలం మీద తీసుకున్న అప్పు 22లోకా, 30లలోకా, 40లలోకా? ఫైలు ఒక్కచోటే ఉంచి, మిగతా రెండుచోట్ల దాని నంబరు రాస్తే సరిపోతుంది. నకళ్లు మూడుచోట్ల పెడితే ఏది తాజాదో ఆర్నెల్లలో ఎవరికీ తెలియకుండా పోతుంది.

పరిమితులు, నంబరు మార్పు

వేల ఫొటోలకు ఈ పద్ధతి పనికిరాదు; వాటికి తేదీయే సహజమైన వరస. పదిమంది కలిసి రాసే కార్యాలయంలో కొత్త నంబరు ఇచ్చే అధికారం ఒక్కరికే లేకపోతే రెండు 22.06లు పుడతాయి. రోజుకు వందల కాగితాలు వచ్చే చోట వర్గం కంటే వచ్చిన వరస ముఖ్యం, అక్కడ ఆర్.సి. నంబరు తరహాయే మేలు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం నంబర్లను మధ్యలో మార్చడం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న మొదలైన భూముల రీసర్వే దీనికి కళ్లెదుటి ఉదాహరణ. రీసర్వే ముగిసిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సిల్ నంబర్లు వచ్చాయి. తాత పేరు మీదున్న దస్తావేజులో, పాత ఈసీలో, కోర్టు కాగితంలో మాత్రం పాత నంబరే ఉంది. పాత నంబరుకు ఏ కొత్త నంబరో చెప్పే పట్టిక చేతిలో లేకపోతే ఆ కాగితాలకూ పొలానికీ సంబంధం చూపించడం కష్టం. ఇంట్లో ఫైళ్ల నంబర్లు మార్చుకునేవారు కూడా పాత నంబరును చెరిపేయకూడదు. సూచికలో దానికొక గడి విడిగా ఉంచి, పక్కన కొత్తది, మార్చిన తేదీ రాయాలి. ఖాళీ అయిన నంబరును ఇంకో అంశానికి మళ్లీ ఇవ్వకూడదు. పాత వాట్సాప్ సందేశంలోనో, అట్ట కవరు మీదో, ఎవరి డైరీలోనో ఆ నంబరు ఇంకా ఉండే ఉంటుంది.